సంక్రాంతికి షాపులో ఫొటో దిగే చోటు: ఈసారి ఎలా కట్టాలి?

తాడితోట_వస్త్రం | నవంబర్ 18, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరం తాడితోటలో మాది రెండంతస్తుల బట్టల షాపు. తాతగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ మా చెల్లెలూ చూసుకుంటున్నాం. డిసెంబర్ 16కి ధనుర్మాసం మొదలవుతుంది కదా, ఆ రోజుకి సంక్రాంతి అలంకరణ పూర్తి చేయాలని ఉంది. వచ్చినవాళ్ళు అక్కడ ఫొటోలు దిగి తమవాళ్ళకు పంపుకోవాలి. మా కోరిక అదే.

పోయినేడు ఒక కాంట్రాక్టరుకు అప్పగించాం. గుమ్మంలోనే పన్నెండడుగుల ఫ్లెక్సు ఆర్చి, పైన మా షాపు పేరు, మధ్యలో రెండు రెక్కల బొమ్మ, చుట్టూ సీరియల్ లైట్లు. అరవై వేలు అయింది. నెల రోజుల్లో దాని ముందు నిలబడి ఫొటో దిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దిగినవాళ్ళ మొహాలు కూడా నల్లగా వచ్చాయి.

ఒక సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. బిల్లింగ్ కౌంటర్ పక్కన తాతగారి గల్లాపెట్టె ఉంది. టేకుది, ఇత్తడి పట్టీలు. అలంకరణ కోసం పెట్టింది కాదు, తీసేయడానికి మనసొప్పక ఉంచాం. పిల్లలు దాని వెనక కూర్చుని, మూత ఎత్తి డబ్బులు లెక్కపెడుతున్నట్టు చేస్తారు. తల్లులు ఫొటోలు తీస్తారు. రోజూ జరుగుతుంది. అరవై వేల ఆర్చి దగ్గర జరగనిది దీని దగ్గర ఎందుకు జరుగుతోందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఈసారి బడ్జెట్ నలభై వేలు.

పెళ్ళిఫొటోలు_కాకినాడ | నవంబర్ 18, రాత్రి 11:05

అన్నా, ముందు ఆర్చి సంగతి చూద్దాం. గుమ్మంలో పెట్టారంటే దిగేవాళ్ళ వెనక వీధి వెలుతురు ఉంటుంది. ఫోన్ ఆ వెలుతురు చూసి సర్దుకుంటుంది, మొహం చీకటైపోతుంది. ఎన్ని సీరియల్ లైట్లు కట్టినా పగటి వెలుతురు ముందు ఆగవు.

రెండోది దూరం. మామూలు ఫోన్ కెమెరాతో ఎనిమిది అడుగుల నుంచి నిలువుగా తీస్తే ఫ్రేములోకి దాదాపు ఎనిమిది అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల ఎత్తు వస్తాయి. రీల్ తీస్తే వెడల్పు ఆరడుగులకు పడిపోతుంది. మీ పన్నెండడుగుల ఆర్చి పట్టాలంటే తీసేవాళ్ళు రోడ్డు మీదకు వెళ్ళాలి. అంత దూరం నుంచి తీస్తే మనిషి చీమంత కనిపిస్తుంది. ఎవరూ తమ మొహం కనిపించని ఫొటో పంపుకోరు.

కాబట్టి ఏం కట్టాలో తర్వాత ఆలోచించండి. తీసేవాళ్ళు ఎక్కడ నిలబడతారో ముందు తేల్చండి. అక్కడ నేల మీద సుద్దతో గీత గీసి, మీ ఫోన్ పట్టుకుని నిలబడి చూడండి. షాపు కొలతలు చెప్పగలరా?

తాడితోట_వస్త్రం | నవంబర్ 19, ఉదయం 8:15

బిల్లింగ్ దాటాక ఒక మూల పదకొండు అడుగుల వెడల్పు ఉంది. దాని ముందు తొమ్మిది అడుగుల ఖాళీ. షాపు మధ్యలో మెట్లు. మెట్ల పక్కన పైకప్పు తెరిచి ఉంటుంది, పై అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడితే కింద నేల కనిపిస్తుంది. పట్టుచీరలన్నీ పైనే.

పదమూడేళ్ళుగా_కౌంటర్లో | నవంబర్ 19, మధ్యాహ్నం 3:40

నేను వేరే ఊళ్ళో పెద్ద షోరూంలో చీరల సెక్షన్‌లో చేస్తాను. మీ గల్లాపెట్టె ప్రశ్నకు నాకు తెలిసింది చెబుతానండి.

రెక్కల బొమ్మ ముందు నిలబడితే చేతులు ఏం చేయాలో మనిషికి తెలియదు. మావాళ్ళలో చాలామంది ఫొటో అనగానే బిగుసుకుపోతారు. ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్ళు. "నాకెందుకమ్మా, నువ్వు దిగు" అని పిల్లలను ముందుకు తోస్తారు. అదే చేతికి ఒక పని ఇస్తే మొహం మారిపోతుంది. గల్లాపెట్టె దగ్గర పిల్లలకు పని ఉంది, మూత ఎత్తాలి, లెక్కపెట్టాలి. మా షోరూంలో ఒక ఏడాది అలంకరణ కోసం తిరగలి పెట్టారు. ఒక పెద్దావిడ వచ్చి, ఎవరూ చెప్పకుండానే కింద కూర్చుని తిప్పడం మొదలుపెట్టారు. కొడుకు వీడియో తీశాడు. ఆమె నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ఆ నెలంతా తిరగలి దగ్గర జనమే.

ఇంకొకటి. దయచేసి ఆ చోటు గుమ్మంలో పెట్టకండి. మేం లోపలికి రమ్మని పిలవాల్సిన చోట జనం ఆగిపోతే వెనక వచ్చేవాళ్ళు పక్క షాపుకు పోతారు. బిల్లు కట్టాక పెట్టండి. అప్పుడు చేతిలో సంచి ఉంటుంది, టెన్షన్ ఉండదు, బేరం అయిపోయిన తృప్తి మొహంలో ఉంటుంది. పైగా మీ సంచి ఫొటోలో పడుతుంది.

మమ్మల్ని కూడా కొంచెం తలచుకోండి. పండగ సీజన్లో "అమ్మా, ఒక ఫొటో తీసిపెట్టు" అని రోజంతా పిలుస్తారు. తీయడం ఇష్టమే, కానీ కౌంటర్ వదిలి వెళ్ళలేం. ఫోన్ కింద పడితే మాట మా మీదకే వస్తుంది. ఫోన్ ఆనించడానికి గాడి ఉన్న చెక్క స్తంభం ఒకటి, నాలుగున్నర అడుగుల ఎత్తున పెట్టండి. టైమర్ పెట్టుకుని కుటుంబమంతా కలిసి దిగుతారు. ఎప్పుడూ ఫొటో తీసే నాన్న కూడా అందులో ఉంటాడు.

మాల్_అలంకరణ_హైదరాబాద్ | నవంబర్ 19, రాత్రి 9:10

నేను మాల్స్‌లో పండగ అలంకరణ పనులు చూస్తాను. పైన చెప్పినవి బాగున్నాయి గానీ, వ్యాపారం మరిచిపోకూడదు. ఫొటో ఎంత బాగున్నా అందులో షాపు పేరు లేకపోతే డబ్బు పెట్టి ఏం లాభం? పేరు పెద్దగా, మొహం పక్కనే ఉండాలి. ఒక హ్యాష్‌ట్యాగ్ రాయండి. ఎక్కువ లైకులు వచ్చిన ఫొటోకు పట్టుచీర బహుమతి ప్రకటించండి.

పదమూడేళ్ళుగా_కౌంటర్లో | నవంబర్ 19, రాత్రి 10:30

అన్నగారూ, మా దగ్గర పోటీ పెట్టి చూశారు. బహుమతి ఇచ్చిన రోజుతో ఫొటోలు ఆగిపోయాయి. లైకుల కోసం స్నేహితులను అడుక్కోవాల్సి వచ్చిందని కొందరు బాధపడ్డారు కూడా.

మాకు వచ్చేవాళ్ళు ఎక్కువమంది ఇన్‌స్టాలో పెట్టరు, వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. లేదంటే అత్తగారింటి గ్రూపులోనో, అమ్మగారింటి గ్రూపులోనో. అక్కడ హ్యాష్‌ట్యాగ్‌తో పని లేదు. "ఎక్కడే ఇది?" అని ఒక చెల్లెలు అడుగుతుంది, ఈవిడ షాపు పేరు చెబుతుంది. ఆ ఒక్క మాట మీ బోర్డు కంటే ఎక్కువ పని చేస్తుంది. పేరు మొహం పక్కనే పెద్దగా ఉంటే అది ప్రకటన అయిపోతుంది, కుటుంబం గ్రూపులో ఎవరూ ప్రకటన పెట్టరు.

పెళ్ళిఫొటోలు_కాకినాడ | నవంబర్ 19, రాత్రి 11:00

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. లెక్క చెబుతాను చూడండి. ఎనిమిది అడుగుల ఫ్రేము అంటే 96 అంగుళాలు. ఫోన్ తెర వెడల్పు ఏడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నాలుగంగుళాల అక్షరం తెర మీద దాదాపు మూడు మిల్లీమీటర్లు, హాయిగా చదవొచ్చు. అంతకంటే పెద్దది అక్కర్లేదు. చెక్క పలక మీద పేరు రాసి, మోచేతి ఎత్తున ఒక పక్కకు పెట్టండి, ఇంటి గుమ్మం పక్కన పేరు పలక ఉన్నట్టు. తల మీద పెడితే కత్తిరించేస్తారు.

సెల్ఫీలకు ఇంకో చిక్కు. తెర మీద అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది, కొన్ని ఫోన్లు అలాగే దాచుకుంటాయి కూడా. అక్షరాలు వెనక్కి చదవాల్సి వస్తుంది. అందుకే పేరు కంటే మీ షాపుకే ప్రత్యేకమైన వస్తువు ఒకటి ఉంటే మేలు. అది మీ గల్లాపెట్టే అన్నా. దాన్ని కదపకండి, దాని చుట్టూ కట్టండి.

వాట్సాప్ ఫొటోను బాగా కుదించి పంపుతుంది, సన్నని పనితనం అంతా కలిసిపోతుంది. పెద్ద ఆకారాలు, రెండు మూడు రంగులు, వెనక ఖాళీ గోడ. ఇవి నిలుస్తాయి.

మాల్_అలంకరణ_హైదరాబాద్ | నవంబర్ 20, ఉదయం 9:45

ఒప్పుకుంటున్నాను. స్టేటస్ సంగతి నేను ఆలోచించలేదు. మాల్‌కు వచ్చేవాళ్ళు వేరు, వీధి షాపుకు కుటుంబంతో వచ్చేవాళ్ళు వేరు. సంచి మీద పేరు మాత్రం రెండు వైపులా వేయించండి, ఏ పక్క తిప్పి పట్టుకున్నా కనిపిస్తుంది.

లైటింగ్_పని | నవంబర్ 20, మధ్యాహ్నం 1:20

లైట్ల మీద నాలుగు మాటలు. ఇక్కడే అందరూ డబ్బు పోగొట్టుకుంటారు.

షాపు కప్పుకు ఉండేవి తెల్ల లైట్లు, 6500 కెల్విన్ (లైటు రంగు కొలత అది, అంకె తగ్గేకొద్దీ పసుపు). అలంకరణకు పసుపు లైట్లు కడతారు. రెండూ ఒకే మొహం మీద పడితే ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది. ఫోన్ దాన్ని సరిచేయలేదు. ఫొటో మూలలో కప్పు లైట్లు ఆపేసి, మొత్తం 3000 కెల్విన్ చేయండి. జరీ మెరుస్తుంది, ఒంటి రంగు బాగుంటుంది. సీఆర్ఐ, అంటే రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె, 90 పైన ఉన్న లైట్లు అడిగి తీసుకోండి, లేకపోతే ఎరుపు, కుంకుమ రంగు వెలిసిపోయి వస్తాయి. బట్టల షాపులో అది కుదరదు కదా.

నెత్తి మీద నుంచి లైటు వేయకండి, కళ్ళ కింద గుంటలు పడతాయి. ఫోన్ స్తంభానికి రెండు పక్కలా, ఏడెనిమిది అడుగుల ఎత్తు నుంచి ఏటవాలుగా రెండు లైట్లు, వాటి ముందు పలచని తెల్లగుడ్డ. ఎల్‌ఈడీ లైట్లకే గుడ్డ కట్టండి, అది కూడా వేడి తగలనంత దూరంలో.

చవక ఎల్‌ఈడీలు సెకనుకు వంద సార్లు కొట్టుకుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. కంటికి తెలియదు గానీ వీడియోలో నల్ల చారలు పరుగెడతాయి. కొనేముందు కొట్లోనే లైటు వెలిగించి ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూడండి. మినుకుమంటే వద్దు.

ముగ్గుల_టీచర్ | నవంబర్ 21, సాయంత్రం 6:00

సంక్రాంతి అంటున్నారు, ముగ్గు మాటే ఎవరూ ఎత్తలేదేం బాబూ?

తాడితోట_వస్త్రం | నవంబర్ 21, సాయంత్రం 6:40

టీచర్ గారూ, పోయినేడు నేల మీద పెద్ద ముగ్గు వేయించాం. ఫొటోల్లో అసలు కనిపించలేదు, కాళ్ళ దగ్గర రంగు చారలా వచ్చింది. ఈసారి గోడ మీద వేయిద్దామా అని మా చెల్లెలు అంటోంది.

ముగ్గుల_టీచర్ | నవంబర్ 21, రాత్రి 7:30

గోడ మీద వేస్తే అది బొమ్మ అవుతుంది, ముగ్గు కాదు. ముగ్గు నేలది. నేల తుడిచి, కళ్ళాపి చల్లి, వంగి వేసేది. నేను నలభై ఏళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నాను, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

పెళ్ళిఫొటోలు_కాకినాడ | నవంబర్ 21, రాత్రి 8:10

టీచర్ గారూ, ముగ్గును నేల మీదే ఉంచుదాం, కెమెరాను పైకి పంపుదాం. మెట్ల పక్కన పైకప్పు తెరిచి ఉందన్నారు కదా. దాని కింద ఎనిమిది అడుగుల ముగ్గు వేసి, మధ్యలో మనిషి పీట మీద కూర్చుని తల ఎత్తి చూస్తే, పై అంతస్తు రెయిలింగ్ నుంచి తీసిన ఫొటోలో ముగ్గు మొత్తం గుండ్రంగా, మనిషి దాని నడిమధ్య పువ్వులా వస్తారు. చీర కుచ్చిళ్ళు చుట్టూ పరిస్తే ఇంకా బాగుంటుంది. పెళ్ళికూతుళ్ళకు నేను మేడ మీద నుంచి ఇలాగే తీస్తాను.

ముగ్గుల_టీచర్ | నవంబర్ 21, రాత్రి 9:00

ఇది నాకు చాలా నచ్చింది. అయితే కొన్ని జాగ్రత్తలు.

ముగ్గు తొక్కకూడదనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మధ్యకు వెళ్ళడానికి ఒక పక్క దారి వదలండి. పదిహేను చుక్కలు పెట్టి సందు చుక్క ఎనిమిది వరకు వచ్చే ముగ్గుల్లో మధ్యన తామర వచ్చేవి ఉన్నాయి, ఆ తామర చోటే పీట వేయండి. ఎక్కడ నిలబడాలో చూపడానికి కొందరు లక్ష్మీ పాదాలు వేస్తున్నారు. వాటి మీద మనుషులను నిలబెట్టడం తప్పు. పాదాలు వద్దు, పీట చాలు.

గీత రెండు వేళ్ళ లావు ఉండాలి. సన్నగా వేస్తే పై నుంచి కనిపించదు. రంగులు మూడు దాటనివ్వకండి. స్టిక్కరు ముగ్గు అతికించకండి, రోజూ పొద్దున్నే షాపు తెరిచేటప్పుడు వేయించండి. వేస్తున్నప్పుడే జనం ఆగి చూస్తారు. వచ్చిన ఆడపిల్లలు అడిగితే ఒక గిన్నెలో రంగు ఇచ్చి ఒక రేక నింపనివ్వండి. తాను నింపిన రేక పక్కన ఆ పిల్ల ఫొటో దిగకుండా వెళ్ళదు.

తాడితోట_వస్త్రం | నవంబర్ 21, రాత్రి 9:25

మా చెల్లెలు ఒకటి గమనించింది. ఫొటో తీయాలంటే ఇంట్లో ఒకరు పైకి ఎక్కాలి. పైన పట్టుచీరలు. మెట్లెక్కడానికి బద్ధకించేవాళ్ళు కూడా పైకి వస్తారు! టీచర్ గారికీ కాకినాడ అన్నకీ మా ఇద్దరి నమస్కారాలు.

ఇద్దరు_పిల్లల_తల్లి | నవంబర్ 22, మధ్యాహ్నం 12:15

ఒక తల్లిగా అడుగుతున్నాను. మీ ట్రయల్ రూములు ఎక్కడ? ఒక షాపులో ఫొటో చోటు ట్రయల్ రూముల ఎదురుగా పెట్టారు, పక్కనే నిలువుటద్దం. తలుపు తెరిచినప్పుడల్లా లోపలివాళ్ళు ఎవరి ఫోన్లోనో పడుతున్నారు. నేను చెబితే గానీ వాళ్ళకు తట్టలేదు. మీరు రెయిలింగ్ నుంచి కిందకు తీయిస్తానంటున్నారు, ముగ్గు పక్కగా మెట్లెక్కేవాళ్ళు కూడా ఆ ఫ్రేములో రాకుండా చూడండి.

పిల్లల ఫొటోలు షాపు పేజీలో పెట్టేముందు అడగండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం సంగతి అలా ఉంచి, అడిగితే మాకు గౌరవంగా ఉంటుంది. చాలామంది సంతోషంగా సరేనంటారు.

భోగిపళ్ళ పీట పెట్టే ఆలోచన ఉంటే ఒక్క మాట. భోగి సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ళు దిష్టి తీసి పోసేది అది. నెల ముందు నుంచి ఎవరు పడితే వాళ్ళు పోస్తుంటే నాకు మనసొప్పదు. రేగిపళ్ళు, చిల్లర నాణేలు చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కూడా.

తాడితోట_వస్త్రం | నవంబర్ 22, మధ్యాహ్నం 2:00

భోగిపళ్ళ ఆలోచన నిజంగానే ఉంది. మానేస్తున్నాను. ట్రయల్ రూములు కింద వెనక వైపు ఉన్నాయి, రెయిలింగ్ నుంచి కనిపించవు. అయినా ఈ రాత్రి స్వయంగా నిలబడి చూస్తాను.

కడియం_నర్సరీ | నవంబర్ 23, ఉదయం 7:10

మేం కడియంలో మొక్కలు పెంచుతాం, మీకు కూతవేటు దూరం. బంతి దండలు కడితే రెండో రోజు సాయంత్రానికి ముడుచుకుపోతాయి. నెల రోజులు మార్చుతూ ఉంటే మీ నలభై వేలు పూలకే చాలవు. ప్లాస్టిక్ దండలు ఫొటోలో మెరిసి పట్టుబడిపోతాయి.

కుండీల్లో బంతి, చామంతి మొక్కలు తీసుకోండి. మొగ్గ మీద ఉన్నవి తెస్తే మూడు నాలుగు వారాలు పూస్తూనే ఉంటాయి. ఏసీలో ఎండిపోతాయి, వెలుతురు కూడా చాలదు. అందుకని రెండు జట్లు పెట్టుకుని, ఒక జట్టు డాబా మీద ఎండలో, ఒక జట్టు లోపల, మూడు రోజులకోసారి మార్చండి. కుండీలను గోనెపట్టాతో చుడితే నల్ల ప్లాస్టిక్ కనిపించదు. తప్పనిసరై ప్లాస్టిక్ వాడితే తలకు పైన కట్టండి. చేతికి అందే ఎత్తులో మాత్రం నిజం పువ్వే ఉండాలి, జనం ముట్టుకుని చూస్తారు. నిజం పువ్వని తెలిస్తే కాసేపు అక్కడే ఉంటారు.

పండగ అయ్యాక ఆ మొక్కలను మీ దగ్గర బట్టలు కొన్నవాళ్ళకు ఇచ్చేయండి.

న్యూజెర్సీ_తెలుగు | నవంబర్ 23, రాత్రి 8:30

ఇక్కడ నవంబర్ చివర నుంచి అందరం న్యూయార్క్ రాకఫెల్లర్ సెంటర్ చెట్టు చూడ్డానికి వెళ్తాం. 1931లో కట్టడం పనివాళ్ళు తామే పెట్టుకున్న చెట్టుతో మొదలైందట ఆ ఆనవాయితీ, 1933 నుంచి ఏటా దీపాలు వెలిగించే వేడుక. చెట్టు చాలా పెద్దది, దగ్గరికి వెళితే ఫొటోలో పట్టదు. అందుకే ఎక్కువమంది ఫిఫ్త్ అవెన్యూ వైపు నుంచి తీసుకుంటారు. అక్కడ సన్నని దారికి రెండు పక్కలా బాకాలు పట్టుకున్న దేవదూతల బొమ్మలు వరసగా ఉంటాయి. ఆ వరస చూపును చెట్టు దాకా తీసుకెళ్తుంది. మీ మూలకు వెళ్ళే దారికి రెండు పక్కలా బంతి కుండీలు వరసగా పెట్టి చూడండి, అదే పని చేస్తాయి.

కోనసీమ_మాస్టారు | నవంబర్ 24, ఉదయం 6:30

బాబూ, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మీకు గోడ కావాలంటున్నారు కదా. మా వైపు కొత్త పంట రాగానే వరి కంకులతో కుచ్చులు అల్లి గుమ్మాలకు, చూరుకు కడతారు. పిచ్చుకలు వచ్చి తింటాయి. ఆ కుచ్చులు ఇప్పటికీ అల్లేవాళ్ళు ఉన్నారు. ఫ్లెక్సు బదులు మట్టి రంగు గోడ, దాని మీద వరసగా పది పన్నెండు కుచ్చులు వేలాడదీయండి. ఫొటోలో బంగారంలా ఉంటుంది. పట్టణంలో పెరిగిన పిల్లలు ఇదేమిటని అడుగుతారు, తాతలు చెబుతారు.

హరిదాసును పిలుస్తారా?

తాడితోట_వస్త్రం | నవంబర్ 24, ఉదయం 9:00

పిలవాలని ఉంది మాస్టారూ. మా షాపు పేరున్న కండువా వేసి, గుమ్మం దగ్గర నిలబెడదామని ఒకరు సలహా ఇచ్చారు.

కోనసీమ_మాస్టారు | నవంబర్ 24, ఉదయం 9:50

వద్దు బాబూ. హరిదాసు నెత్తి మీద ఉన్నది అక్షయపాత్ర. తెల్లవారుజామున లేచి స్నానం చేసి, తిరుమణి పెట్టుకుని, చిడతలు తంబూర పట్టుకుని బయలుదేరితే తిరిగి ఇంటికి చేరేదాకా ఆ పాత్ర దించడు. దారిలో ఊసులాడడు, కీర్తన పాడుకుంటూ పోతాడు. మనం బియ్యం వేస్తే వంగి అందుకుని, దీవించి వెళ్తాడు. అంత నిష్ఠ ఉన్న మనిషికి ప్రకటన తగిలించకూడదు.

ఆయన మీ వీధికి వచ్చే వేళ కనుక్కోండి. ఆ వేళకు గుమ్మంలో కొత్త చాటలో బియ్యం సిద్ధంగా ఉంచండి. షాపులో ఉన్న పిల్లల చేత వేయించండి. ఫొటో తీసుకోవచ్చా అని ఆయన్ను ముందే అడగండి. సంభావన కూడా ముందే మాట్లాడి, చేతిలో పెట్టండి. కౌంటర్‌లో చేసే అమ్మాయి చెప్పింది చూశారా, చేతికి పని ఉండాలని. పిల్లవాడు దోసిలితో బియ్యం వేయడం కంటే మంచి పని ఏముంది?

గంగిరెద్దును మాత్రం లోపలికి తేకండి. టైల్స్ మీద గిట్టలు జారతాయి, ఆ లైట్లకూ మైకులకూ బెదిరిపోతుంది. వీధిలో వచ్చినప్పుడు ఒక పంచె కప్పి పంపండి.

బొమ్మల_కొలువు_అభిమాని | నవంబర్ 25, రాత్రి 10:00

బొమ్మల కొలువు పెట్టండి! కొండపల్లి బొమ్మల్లో పల్లెటూరి సెట్టు దొరుకుతుంది, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కేవాడు, దంచే ఆడవాళ్ళు. తెల్ల పొణికి కర్రతో చేస్తారు, తేలిగ్గా ఉంటాయి. ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రవి, 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం వాటితోనే వెళ్ళింది. కాకపోతే బొమ్మలు అరచేతంత. మనిషి నిలువెత్తు ఫొటోలో కనిపించవు. మెట్లను నడుము ఎత్తు నుంచి మొదలుపెడితే, పక్కన కూర్చున్న మనిషి మొహం ఎత్తుకు బొమ్మలు వస్తాయి. సెల్ఫీకి అదే సరైన చోటు. ఏ ఊరి బొమ్మలో చిన్న పలక మీద రాయండి.

తాడితోట_వస్త్రం | డిసెంబర్ 8, రాత్రి 11:15

ఇదీ మా ప్లాను. బిల్లింగ్ పక్క మూలలో మట్టి రంగు గోడ, కంకుల కుచ్చులు. గల్లాపెట్టె అక్కడే. పక్కన నులక మంచం, రోలు, రోకలి. దారికి రెండు వైపులా బంతి కుండీలు. మెట్ల పక్క తెరిచిన చోట ముగ్గు. గోడ మీద హేవలాక్ వంతెన బొమ్మ వేయిద్దామని మా బావ అన్నాడు, 1900 నాటిది, మా ఊరి గుర్తు కదా అని. కానీ కుచ్చుల వెనక గీతలు ఎక్కువైపోతాయని మానుకున్నాం. పై కప్పుకు తాటాకు, ఎండుగడ్డి పరవాలని ఉంది.

లైటింగ్_పని | డిసెంబర్ 8, రాత్రి 11:40

తాటాకు, ఎండుగడ్డి వద్దే వద్దు. బట్టల షాపులో కప్పు మీద ఎండుగడ్డి, దాని మధ్య వైర్లు! నిప్పు అంటుకుంటే ఆర్పే టైము ఉండదు. కుచ్చులు కూడా ఎండినవే, వాటికీ ఏ లైటుకూ మధ్య కనీసం రెండడుగులు ఖాళీ ఉంచండి. హాలోజన్ ఒక్కటి కూడా వాడకండి. మొత్తం అలంకరణకు వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు తనే ఆపేసే స్విచ్చి) పెట్టించి, రాత్రి షాపు మూసేటప్పుడు దాన్ని దించేయండి. ఎక్స్‌టెన్షన్‌కు ఎక్స్‌టెన్షన్ తగిలించవద్దు. అగ్నిమాపక సిలిండరు ఆ మూలకు దగ్గరగా, మంచం అడ్డం లేకుండా ఉండాలి.

పదమూడేళ్ళుగా_కౌంటర్లో | డిసెంబర్ 9, ఉదయం 8:00

రోకలి చివర ఇనప పొన్ను తీయించండి. కాలి మీద పడితే అంతే.

తాడితోట_వస్త్రం | డిసెంబర్ 23, రాత్రి 10:50

వారం అయింది. కప్పు మీద గడ్డి మానేశాం.

ముగ్గు దగ్గర మేం అనుకున్నదానికంటే ఎక్కువ జనం. నులక మంచం మీద తాతలు, నాయనమ్మలు కూర్చుంటున్నారు. మేం వాళ్ళు ఆగడానికి వేశాం గానీ, మనవలు వచ్చి పక్కన కూర్చుంటే అదే ఫొటో అయిపోతోంది. రోలు దగ్గర మాత్రం ఎవరూ రోకలి ఎత్తడం లేదు. చూసి వెళ్ళిపోతున్నారు.

పదమూడేళ్ళుగా_కౌంటర్లో | డిసెంబర్ 24, ఉదయం 7:45

రోల్లో ఏమైనా వేశారా? ఖాళీ రోలును ఎవరు దంచుతారండి! దోసెడు తడిబియ్యం పోసి చూడండి, అరిసెల పిండి గుర్తొస్తుంది. పొద్దున్న మొదటి దెబ్బ మీ చెల్లెలిని వేయమనండి. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళకు బెరుకు పోతుంది.

తాడితోట_వస్త్రం | డిసెంబర్ 26, రాత్రి 9:30

తడిబియ్యం పోశాం. నిన్న ఒక అత్తాకోడళ్ళు రెండు రోకళ్ళు కావాలని అడిగారు, పోటు మార్చి పోటు వేస్తామని. పరుగున వెళ్ళి పక్కింట్లోంచి ఇంకోటి తెచ్చాం. పొన్ను తీసే ఇచ్చాం లెండి. వాళ్ళు దంచుతుంటే షాపంతా చుట్టూ చేరింది.

తాడితోట_వస్త్రం | జనవరి, కనుమ రాత్రి 10:10

మీ అందరికీ చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. ఎంతమంది ఫొటోలు దిగారో మేం లెక్కపెట్టలేదు. కానీ భోగి ముందు వారంలో "మీ దగ్గర ముగ్గు మధ్యలో కూర్చోబెడతారట కదా" అని అడుగుతూ వచ్చినవాళ్ళు రోజూ ఉన్నారు. ఒకరు మండపేట నుంచి, ఒకరు కొవ్వూరు నుంచి. ఎలా తెలిసిందంటే, స్టేటస్‌లో చూశామన్నారు. పైన పట్టుచీరల కౌంటర్ దగ్గర ఇంత రద్దీ నేను షాపులోకి వచ్చాక చూడలేదు.

తప్పులు కూడా జరిగాయి. రెయిలింగ్ దగ్గర ఒక సాయంత్రం జనం ఎక్కువై తోపులాట అయింది. మరునాడు అక్కడ తాడు కట్టి, ఒకసారికి ఇద్దరినే నిలబెట్టాం. ఇది మొదటి రోజే చేయాల్సింది. ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంటే మా అమ్మాయిలు రెండుసార్లు వేయాల్సి వచ్చింది, వాళ్ళకు ఆ నెలకు అదనంగా ఇచ్చాం.

హరిదాసు గారు మూడు ఉదయాలు వచ్చారు. అప్పటికి షాపు తెరిచే వేళ కాదు, అయినా ముందే తెరిచాం. వీధిలోని పిల్లలే ఎక్కువ వచ్చారు, కొనడానికి కాదు, బియ్యం వేయడానికి. అందులో ఒక్క ఫొటో కూడా మేం మా పేజీలో పెట్టలేదు.

ముగ్గుల_టీచర్ | జనవరి, కనుమ రాత్రి 10:40

ముక్కనుమ పొద్దున రథం ముగ్గు వేయడం మరిచిపోకండి బాబూ. రథం తాడును గీతగా లాగి పక్క ఇంటి రథానికి కలుపుతారు. మీ పక్క షాపువాళ్ళను అడగండి.

తాడితోట_వస్త్రం | జనవరి, ముక్కనుమ ఉదయం 9:05

అడిగాం. మా గీత పక్క చెప్పుల షాపు దాకా, వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టు దాకా వెళ్ళింది. ఇప్పుడు నాలుగో షాపాయన మెట్లు కడిగిస్తున్నాడు.